ఫితూరీ అని అరిచినందుకు

మన్యంలో ఫితూరీ లేచిన ఏడు నాకు పద్దెనిమిదేళ్ళు. మా అత్తవారి ఊరు తణుకుకు దగ్గరలో, కాలువ ఒడ్డున ఉండేది. ఆ కబురు మాకు పడవలవాళ్ళు తెచ్చారు. కొండవాళ్ళు గుంపులు కట్టి ఠాణాలు తగలబెడుతున్నారనీ, జవానులను నరుకుతున్నారనీ మొదట విన్నాం. పది రోజులకల్లా వాళ్ళు పట్టిసీమ దాకా వచ్చేశారన్నారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. భయపడ్డానికి చూడనక్కరలేదు కదా.

రేవులో రోజూ ఇదే మాట. గిన్నెలు తోముతూ, బట్టలు ఉతుకుతూ ఆడవాళ్ళమంతా ఆ కొండవాళ్ళను రాక్షసులని తిట్టిపోసేవాళ్ళం. వాళ్ళకు అంత కోపం ఎందుకొచ్చిందో అడిగిన పాపాన పోలేదు. "సాటి మనిషిని అలా ఎలా హింసిస్తారమ్మా!" అని ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఆవిడ మోచేతి మీద మొగుడు అట్లకాడతో పెట్టిన వాత ఇంకా పచ్చిగానే ఉంది. మేమెవరమూ దానివంక చూడలేదు. చూస్తే మా ఒంటి మీదవి కూడా చూసుకోవలసి వస్తుంది.

మా ఇంట్లో దెబ్బలు తినేది మా తోడికోడలు, అంటే నా భర్త అన్నగారి భార్య. అక్కా అని పిలిచేదాన్ని. మా బావగారికి ఊళ్ళో మంచివాడని పేరు. ఎవరింట పెళ్ళయినా పందిరి వేయడానికి అందరికంటే ముందు ఆయనే వెళ్ళేవారు. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం, ఎద్దులను అదిలించే ములుగర్ర అక్క వీపు మీద విరగాల్సిందే. ఆమె అరిచేది. వీధిలో పోయేవాళ్ళు ఆగకుండా పోయేవాళ్ళు. మా అత్తగారు చేతిలో చేట దించకుండానే "దానికి నోరెక్కువ" అనేది. మా ఆయన గొడ్లసావిడి వైపు నడిచేవారు. నేను తలుపు చాటున నిలబడి ఏడ్చేదాన్ని. అంతకు మించి నేను చేసిందేమీ లేదు.

ఫితూరీ భయంతో ఊళ్ళో ఒక కట్టుబాటు చేశారు. కొత్తమనిషి కనబడినా, అనుమానం తగిలినా "ఫితూరీ!" అని కేక వెయ్యాలి. అది వినగానే ఇంటికొక మగవాడు కర్ర పట్టుకుని పరుగెత్తుకు రావాలి. మునసబుగారు చాటింపు వేయించి మరీ చెప్పించారు.

ఆ మర్నాడు అక్కా నేనూ ఎండబెట్టిన వడ్లు ఎత్తుతున్నాం. "నువ్వు అమ్మో, అయ్యో అంటే ఎవరొస్తారక్కా? ఫితూరీ అని కేకెయ్యి, ఊరంతా వస్తుంది" అన్నాను. నవ్వులాటకే అన్నాను. అక్క నవ్వలేదు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం బావగారు పొలం నుంచి వచ్చేసరికి ఇంకా అన్నం ఉడకలేదు. ములుగర్ర తీశారు. రెండో దెబ్బకు అక్క వీధిగుమ్మంలోకి పరుగెత్తి గొంతు చించుకుంది.

"ఫితూరీ! ఫితూరీ!"

వచ్చారు. మా ఊళ్ళో అంతమంది మగవాళ్ళున్నారని నాకు ఆ రోజే తెలిసింది. కర్రలు, కత్తులు, ఒకాయన చేతిలో రోకలి. కొందరు విస్తరి ముందు నుంచి లేచి ఎంగిలి చేతులతోనే వచ్చారు. మునసబుగారు తలపాగా కూడా లేకుండా రొప్పుతూ వచ్చి, "ఏరీ? ఎటెళ్ళారు?" అన్నారు.

అక్క వెనక్కి తిరిగి వీపు చూపించింది. రవిక చిరిగి నెత్తురు కారుతోంది.

"ఎవరు కొట్టారమ్మా?"

"మా ఆయనండి."

"అమ్మయ్య!" అన్నారు మునసబుగారు.

వెనకున్నవాళ్ళు కర్రలు దించి నవ్వేశారు. ఒకాయన బావగారి భుజం తట్టి, "హడలగొట్టేశావు కదయ్యా!" అన్నాడు. అదే నెత్తురు కొండవాడు కళ్ళజూసి ఉంటే సర్కారు పటాలం కదిలి వచ్చేది. మొగుడు కళ్ళజూశాడు కనుక అందరూ భోజనాలకు వెళ్ళిపోయారు. ఆ "అమ్మయ్య" తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

సాయంత్రానికి ఆ నవ్వులు కోపాలయ్యాయి. పరుగెత్తబోయి ఒక ముసలాయన కాలు బెణికిందట. ఎవరో బాలింత జడుసుకుందట. మర్నాడు పొద్దున్నే అమ్మవారి గుడి దగ్గర పెద్దలు కూర్చుని తప్పంతా అక్కదేనని తేల్చారు. ఊరికోసం పెట్టుకున్న కేకను ఇంటి గొడవకు వాడిందన్నారు.

"ఇంకెప్పుడూ వీధిలోకి వినబడేలా అరవనని ప్రమాణం చెయ్యమ్మా" అన్నారు మునసబుగారు.

"మరి ఆయన కొడితేనండి?" అంది అక్క.

"అది మీ ఇంటి సంగతి."

కర్పూరం వెలిగించారు. అక్క అరచేత్తో ఆర్పింది. అంతకు మించిన ప్రమాణం మా వైపు లేదు. ఇకమీదట చెయ్యెత్తనని బావగారి చేత కూడా కర్పూరం ఆర్పించాలని ఒక్కరికీ తోచలేదు. ఆయన పెద్దల పక్కనే అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆ కేక నేర్పింది నేనని నేనూ నోరు విప్పలేదు. ఆడవాళ్ళ గుంపులో వెనగ్గా నిలబడి చూశాను. ఆ ఊరి మీద నాకెంత కోపముందో, నా మీద నాకూ అంతే ఉంది.

ఫితూరీ మా ఊరికి రానే లేదు. కొన్నాళ్ళకు అందరూ కర్రలు మూలన పెట్టేశారు, బావగారు తప్ప. అక్క మాత్రం మాట తప్పలేదు. దెబ్బలు పడుతున్నంతసేపూ పమిటకొంగు నోట్లో కుక్కుకునేది. "ఇప్పుడు బుద్ధొచ్చింది" అంది మా అత్తగారు. ఇరుగుపొరుగువాళ్ళు కూడా ఆ ఇంట్లో గొడవలు సద్దుమణిగాయని సంతోషించారు.

ఒకరోజు మధ్యాహ్నం నేను రేవు నుంచి తడిబట్టలతో వచ్చేసరికి అక్క పొయ్యి పక్కన పడి ఉంది. తల పగిలింది. ఊపిరి లేదు. బావగారు పెరట్లో బావి గట్టు మీద కూర్చుని చేతులు కడుక్కుంటున్నారు. నా ఏడుపు విని జనం చేరారు. మునసబుగారు గుమ్మంలో నిలబడి, "అయ్యయ్యో, మేమంతా ఎదురరుగు మీదే ఉన్నాం కదమ్మా! ఒక్క కేకేస్తే వచ్చి ఆపకపోదుమా?" అన్నారు.

నేను వంగి, అక్క నోట్లోంచి కొంగు బయటికి లాగాను.