ఒడిలో కాయలు

నాది పుట్టుకతో అనుమానపు బుద్ధి. కూరగాయల తూకం దగ్గర్నుంచి బస్సు టైము దాకా దేన్నీ ఒక పట్టాన నమ్మను. అలాంటివాణ్ణి ఒక్క వస్తువును మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను. అది ఒక పెట్టె కెమెరా. నమ్మకూడని చోట నమ్మానని తెలిసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. అదీ నాకు కాదు, మా కల్లంలో మిరపకాయలు ఏరే ఒక మనిషికి.

మా ఊరు ప్రత్తిపాడుకు రెండు మైళ్ళ అవతల. సాగర్ కాలువలు తవ్వుతున్నారని వినడమే గానీ మా వైపు ఇంకా ఎవరూ నీళ్ళు చూడని రోజులు. నేను ఊరి బడిలో మాస్టర్ని. పెళ్ళి కాలేదు కాబట్టి అన్నయ్య ఇంట్లోనే ఉండేవాణ్ణి. అన్నయ్య పత్తీ, మిరపా వేసేవాడు. నాతో పనిచేసే మాస్టారొకాయన బదిలీ మీద వెళ్తూ తన కెమెరా నాకు అమ్మేశాడు. “నాకు దీంతో పడటం లేదండీ, మీరైతే ఓపిక గలవారు” అన్నాడు. ఆ మాటలోనే ఏదో మెలిక ఉందనిపించింది. అయినా కొన్నాను.

మెలిక ఏమిటో తొందర్లోనే తెలిసింది. ఆ కెమెరాని కంటికి ఆనించుకోకూడదు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న చిన్న అద్దంలోకి చూడాలి. అందులో అంతా కుడి ఎడమలు తారుమారు. ఎద్దు కుడివైపు నడుస్తుంటే అద్దంలో ఎడమకి పోతుంది. దాన్ని పట్టుకుందామని నేను కెమెరా ఒకవైపు తిప్పితే అది ఇంకోవైపు జారిపోయేది. మొదటి ఫిలిములో అన్నయ్యకు తల లేదు, వదినకు కాళ్ళు లేవు, గేదెకు మాత్రం అన్నీ ఉన్నాయి. వెనకాల ఫిలిము నంబరు కనబడే ఎర్ర కిటికీ ఒకటుంది. అందులోంచి వెలుతురు దూరి బొమ్మలు పాడవుతున్నాయేమోనని దాని మీద నల్లగుడ్డ అంటించాను. ఎన్ని చుట్లు తిప్పితే ఒక బొమ్మ జరుగుతుందో లెక్కపెట్టుకుని, తీసిన ప్రతి బొమ్మనూ నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఫిలిముకు పన్నెండు బొమ్మలు, పుస్తకంలో పన్నెండు వరసలు. ఇంత జాగ్రత్త ఉన్నవాడు పొరపాటు చెయ్యడని నా ధీమా.

ఊళ్ళోవాళ్ళకి నా మీద వేరే అనుమానాలు. కాలువ కోసం కొలతలు కొలిచేవాళ్ళు మూడు కాళ్ళ పరికరాలతో చేల గట్ల మీద తిరుగుతున్న కాలం అది. నేను తల వంచుకుని పెట్టెలోకి చూస్తూ చేలో నిలబడితే రైతుల గుండెలు గుభేలుమనేవి. “ఏమయ్యా మాస్టారూ, మా చేను కాలువకి రాస్తున్నావా ఏంది?” అని ఒకాయన గట్టు మీద నుంచి కేకేశాడు. కాదు, బొమ్మ తీస్తున్నానంటే ఇంకా నమ్మలేదు. “మనిషి మా వైపు చూడకుండా పొట్టకేసి చూసుకుంటూ తీసే బొమ్మేంది?” అన్నాడు. బొమ్మ తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ముసలమ్మలు తలుపులేసుకునేవారు. నేను వాళ్ళని చూసి నవ్వుకునేవాణ్ణి.

ఆ ఏడు మిరప బాగా కాసింది. ఎండిన కాయ కల్లంలో రాసులు పోసి ఉంది. ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని, ఎర్రకాయ ఒకవైపు, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయ ఒకవైపు ఏరుతున్నారు. వాళ్ళలో చాలామంది చర్చి వీధి వాళ్ళు. మా వైపు కల్లాల్లో ఒక కట్టుబాటు ఉంది. సాయంత్రం పని దిగేముందు అందరూ లేచి నిలబడి ఒడి దులిపి చూపిస్తారు. ఆ తర్వాత ఆసామి ఇంటి ఇల్లాలు తలా ఒక చేటెడు తాలుకాయ పోస్తుంది. అది వాళ్ళ కూరలోకి. అంతకు ముందు మాత్రం ఒక్క కాయ ఒడిలో కనబడినా అది దొంగతనం కిందే లెక్క.

ఒక సెలవు రోజు ఉదయం కెమెరా పట్టుకుని కల్లానికి వెళ్ళాను. ముందు పాక నీడలో ఉన్న రాశి దగ్గర బోర్లా పడుకుని, కింద నుంచి పైకి తీశాను. అలా చూస్తే రాశి కొండంత కనిపిస్తుందని నా ఆలోచన. మీట నొక్కానో లేదో ఘాటు ముక్కులోకి పోయి తుమ్ములు పట్టుకున్నాయి. పది పదిహేను తుమ్మి ఉంటాను. ఆడవాళ్ళందరూ పని ఆపి ఒకటే నవ్వు. రోషం వచ్చి, కళ్ళు తుడుచుకుని, పుస్తకంలో ‘రాశి’ అని రాసుకుని, నవ్వే ఆడవాళ్ళ ఎదురుగా వెళ్ళి నిలబడి వాళ్ళనీ తీశాను. వరసలో ముందు కూర్చున్నామె నల్లచీర కట్టుకుంది. ముప్పై ఏళ్ళుంటాయి. అందరికంటే వేగంగా ఏరుతుందని అన్నయ్యే మెచ్చుకునేవాడు.

ఫిలిము అయిపోయాక గుంటూరులో ఒక స్టూడియోకి పంపాను. పది రోజులకు బొమ్మలు వచ్చాయి. లెక్కపెడితే పదకొండే. నేను కష్టపడి తీసిన రాశి బొమ్మ లేదు. స్టూడియో ఆయన కొట్టేశాడని క్షణంలో తేల్చేసుకున్నాను. ఏ క్యాలెండరు వాళ్ళకో అమ్ముకుని ఉంటాడు. శనివారం వెళ్ళి నిలదీయాలని పళ్ళు నూరుతూ, ఉన్న పదకొండూ ఇంట్లో వాళ్ళకు చూపించాను.

వదిన ఆడవాళ్ళ బొమ్మ దగ్గర ఆగింది. “ఏమండీ, ఇట్టా రండి. దీని ఒడిలో కాయలు చూడండి” అంది అన్నయ్యతో.

నేను భూతద్దం తెచ్చాను. నల్లచీర ఒడి నిండా కాయలే. నిగనిగలాడే ఒళ్ళు, వంకర తిరిగిన తొడిమలు, అన్నీ తెలుస్తున్నాయి. నిజం చెప్పాలి, ఆ క్షణంలో నాకు సంతోషమే కలిగింది. నా కెమెరా తొడిమలతో సహా పట్టిందని! “కాయలే అన్నయ్యా, అనుమానం లేదు” అన్నాను. నా నోటి నుంచి అనుమానం లేదన్న మాట రావడం అదే మొదటిసారి.

ఎండితే తూకం తగ్గుతుందని తెలిసి కూడా, ఆ ఏడు కాయ నింపిన టిక్కీ బస్తాలు తేలిగ్గా తూగుతున్నాయని అన్నయ్య లోలోపల గింజుకుంటున్నాడు. మర్నాడు పొద్దున్నే కల్లంలో అందరి ఎదుటా ఆమెను పిలిచి బొమ్మ చేతికిచ్చాడు.

“ఇది నువ్వేనా కాదా?”

ఆమె తన బొమ్మ చూసుకోవడం అదే మొదలు. రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. “నేనేనండి” అంది.

“ఒడిలో ఏంది?”

“కాయలేనండి.” బొమ్మ మీంచి కళ్ళెత్తింది. “ఉన్నాయి గానీ, నేను పెట్టుకోలేదండి.”

“నువ్వు పెట్టుకోకపోతే అయ్యే నడిచొచ్చి కూర్చున్నాయా? మనుషులు అబద్ధం చెప్తారు గానీ ఫొటో చెప్పుద్దా?”

ఆమె నా వైపు తిరిగింది. “మాస్టారూ, మీరు నా ఎదురుగానే నిలబడ్డారు గదండీ. నా ఒడిలో ఏమన్నా చూశారా? మీరు చెప్పండి.”

నేనేం చూశాను? తల వంచుకుని అద్దంలోకి చూశాను. అందులో మనుషులు అగ్గిపుల్లలంత ఉంటారు. ఆమె ముఖమే చూడలేదు, ఒడి ఎక్కడ చూస్తాను? ‘నేను చూడలేదు’ అంటే సరిపోయేది. “ఫొటోలో ఉంది కదమ్మా” అన్నాను.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. ఆమె ఏమీ తడుముకోలేదు. బొమ్మను అన్నయ్య చేతికి తిరిగి ఇచ్చేసి, ఎండలో పడి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా కల్లంలోనే కాదు, ఊళ్ళో ఏ కల్లంలోనూ ఆమెను రానివ్వలేదు. ఆమె వీధి ఆడవాళ్ళు కూడా పక్కన కూర్చోవడానికి జంకారని తెలిసింది. పత్తికట్టె పీకే కూలికి ఆరు మైళ్ళు నడిచి పొరుగూళ్ళకు పోతోందని ఎవరో అన్నారు. నాకు కొంచెం చివుక్కుమంది. కానీ తప్పు చేసినవాళ్ళకు ఆ మాత్రం ఉండాలిలే అనుకున్నాను.

బడి పనులతో రెండు శనివారాలు పోయాయి. మూడో శనివారం గుంటూరు బస్సెక్కి స్టూడియోలో దిగాను. స్టూడియో ఆయన ముసలి సాయిబు. “నా రాశి బొమ్మ ఏదండీ?” అని గొంతు పెంచాను. ఆయనకు కోపం రాలేదు. “దొంగతనమే చేసేవాణ్ణయితే పన్నెండూ తీసుకుంటాను గానీ ఒకటెందుకు మాస్టారూ?” అని నవ్వి, లోపలికెళ్ళి నా ఫిలిము తెచ్చాడు. ముక్కలు చెయ్యకుండా పొడుగ్గా చుట్టి ఉంచాడు. కిటికీ వెలుతురుకు విప్పి పట్టాడు. చివర ఒక గడి ఖాళీగా ఉంది.

“ఇది మీరు వాడలేదు. మీ రాశి ఇదిగో, ఇక్కడుంది” అని ఆడవాళ్ళ బొమ్మ మీద వేలు పెట్టాడు. “ఫిలిము తిప్పడం మర్చిపోయారు. ఒక దాని మీదే రెండూ తీశారు.”

నేను ఒప్పుకోలేదు. అలాగైతే రాశి బొమ్మంతా పరుచుకుని ఉండాలి గదా అన్నాను.

“ఎండ పడ్డ తెల్లనేల మీద ఏదీ సరిగ్గా ఆనదండీ, దాదాపు వెలుగులో కలిసిపోద్ది. నల్లగా ఉన్న చోటే రెండోది తేల్తుంది. ఇందులో బాగా నల్లగా ఉంది ఈవిడ చీర ఒక్కటే.” ఆయన భూతద్దం నా చేతికిచ్చాడు. “నమ్మకం లేకపోతే ఈ పక్కన చూడండి.”

చూశాను. ఆమె భుజం పక్కన, ఎండ పడే ఖాళీ కల్లం మధ్యలో, సన్నగా మసగ్గా ఒక పాక రాట నిలబడి ఉంది. ఆ చోట రాట లేదని నాకు తెలుసు. ఇంట్లో ఇలాంటి భూతద్దమే పట్టుకుని ఆ బొమ్మంతా వదిలేసి ఒడి ఒక్కటే వెతికాను. తుమ్ములు గుర్తొచ్చాయి. పుస్తకంలో రాసుకోవడం గుర్తొచ్చింది. తిప్పినట్టు మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆయనకు క్షమాపణ చెప్పానో లేదో కూడా జ్ఞాపకం లేదు. ఫిలిము చుట్ట జేబులో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను.

ఇంటికి రాగానే అన్నయ్యకు చెప్పాను. మొదట నమ్మలేదు. రాట చూపించాక నమ్మాడు.

“సరే, పొరపాటు జరిగింది. కావాలంటే పిలిపించి పనిలో పెట్టుకుందాం” అన్నాడు చివరికి. “కల్లంలో మాత్రం ఈ సంగతి ఎత్తమాకు. తప్పు మనదని అందరి ముందూ ఒప్పుకున్నామంటే రేపట్నుంచి ఒక్కళ్ళు మాట వినరు.”

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆమె ఇంటికి వెళ్ళాను. గుడిసె ముందు చేటలో నూకలు చెరుగుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమనలేదు. నేను ఫిలిము ఎండకు పట్టి, సాయిబు గారు చెప్పినదంతా చెప్పాను. రాట చూపించాను. తుమ్ముల సంగతి చెప్పాను. తప్పంతా నాదేనన్నాను. చెబుతుంటే నా మనసు తేలికపడుతోంది కూడా. ఆమె ఫిలిము వైపు ఒకసారి చూసింది గానీ చేత్తో ముట్టుకోలేదు.

“ఇదంతా నాకు చెప్తారేందండీ?” అంది. గొంతులో కోపం లేదు. “నేను దొంగను కాదని నాకు ముందే తెలుసు గదా. తెలియనోళ్ళకి చెప్పండి.”

ఆమె కూర్చుని మళ్ళీ చేట అందుకుంది.

మర్నాడు బడికి వెళ్ళకుండా నేరుగా కల్లానికి నడిచాను. చెప్పవలసిన మాటలు దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను. మూడో కోత కాయ ఏరుతున్నారు. వరసలో ముందు చోట వేరే మనిషి కూర్చుంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఇరవై మందీ చేతులు ఆపి తలెత్తి చూశారు. టిక్కీ కుడుతున్న అన్నయ్య కూడా లేచి చూశాడు.

“ఏందిరా, బడి లేదా?” అన్నాడు.

“ఏం లేదు. ఊరికే వచ్చాను” అన్నాను.