జరగని పనుల జాబితా

పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక పెళ్లి చూసుకుని, ముద్దనూరు మీదుగా పులివెందులకు బస్సెక్కాను. తొండూరు దగ్గర ఒక వంక మీద చిన్న వంతెన ఉంది. బస్సు దాన్ని దాటడానికి, నా చేతి గడియారం ప్రకారం, సరిగ్గా నాలుగు సెకండ్లు పట్టింది. పక్క సీటులో చెనక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దమనిషి తలెత్తి చూడలేదు. కండక్టరు టికెట్లు కొడుతూనే ఉన్నాడు. నేను మాత్రం అలవాటుగా జేబులో పెన్సిల్ కోసం తడుముకుని, నవ్వొచ్చి ఊరుకున్నాను. ఆ వంతెన ఒకప్పుడు నా జాబితాలో ముప్పై ఏడో అంశం.

మా మేనమామ అయిదుసార్లు ఈ ప్రాంతానికి ఎం.పీ. మొదటిసారి గెలిచినప్పుడు మేమింకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. తర్వాత ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అది ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయింది. జమ్మలమడుగులో మామ ఇంటి అరుగు మీద కూర్చునే జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆయన ఢిల్లీకి బయలుదేరితే వెంట నాలుగే వస్తువులు: ఒక పరుపు చుట్ట, ఒక మరచెంబు, ఒక డబ్బా చెనక్కాయల కారం, ఒక కట్ట పోస్టుకార్డులు. పార్లమెంటులో ఆయన ఎన్నిసార్లు మాట్లాడాడో నాకు తెలియదు. ఆఫీసుల మెట్లెక్కి, అవతలి మనిషి సంతకం పెట్టేదాకా బల్ల ముందు కదలకుండా కూర్చునేవాడని ఆయనతో వెళ్లి వచ్చినవాళ్లు చెప్పేవారు. ఊళ్లవాళ్లు ఆయనకు కార్డులు రాసేవారు. బడి గది లేదని ఒకరు, బావి లేదని ఒకరు, బస్సు ఆగడం లేదని ఒకరు. ఒక్క కార్డు కూడా పారేయకుండా అన్నిటినీ కిరసనాయిలు డబ్బాల్లో వేసి మూలగదిలో పెట్టేవాడు.

మూడో ఎన్నికకు పరిస్థితి బాగాలేదు. ఎదుటి పక్షానికి జీపులు ఎక్కువ, గొంతు ఎక్కువ. వాళ్లు ఊరూరా అడుగుతున్నది ఒకటే ప్రశ్న: రెండుసార్లు ఢిల్లీకి పంపితే ఈయన చేసిందేమిటి? దానికి మా ఇంట్లోనే ఎవరి దగ్గరా గట్టి సమాధానం లేదు. ఈసారి ఓడితే మామ రాజకీయం అక్కడితో ఆఖరని అందరికీ తెలుసు. నేను పాలిటెక్నిక్ డిప్లొమా చేతబట్టుకుని, పోస్టింగ్ ఆర్డరు కోసం ఎదురుచూస్తూ ఆయన ఇంట్లోనే ఉన్నాను. ఒకరోజు మామ నన్ను పిలిచి, డబ్బాలన్నీ దించి, జరిగిన పనులు ఒక కాగితం మీద, జరగనివి ఇంకో కాగితం మీద రాయమన్నాడు.

నాకు అంతకంటే ఇష్టమైన పని ఇంకేముంది. స్కేలుతో గళ్లు గీశాను. వరుస సంఖ్య, ఊరు, పని, కార్డు వచ్చిన నెల, ఫలితం. నియమం కూడా పెట్టుకున్నాను. పని అయిందని ఆ ఊరి నుంచి కార్డు ఉంటే జరిగినట్టు, లేకపోతే జరగనట్టు. వారం రోజుల తర్వాత లెక్క తేలింది. జరిగినవి పంతొమ్మిది, జరగనివి నూటపన్నెండు. ఆ పంతొమ్మిదీ కరపత్రంగా అచ్చు వేయించి, రెండో కాగితం పొయ్యిలో వేద్దామన్నాను. మామ ఆ రెండో కాగితమే చేయి చాచి అడిగాడు.

"జరిగినవి వాళ్లకు తెలుసు అల్లుడా. జరగనివి నాకు తెలుసునని వాళ్లకు తెలియాల. రేపు సభలో ఇదే చదువుతాం. రాసినోనివి నువ్వే గాబట్టి నువ్వే చదువు."

మా అత్త మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "పోనీలే, ఇంకమీదట మీ మామ రోజూ ఇంట్లోనే కనపడతాడు" అని లోపలికి పోయింది.

మొదటి సభ తొండూరులో. ఎండ పడుతుందని నన్ను బడి గోడ నీడన నిలబెట్టారు. ఒకటో అంశం చదివాను, జరగలేదు. రెండు, జరగలేదు. మూడు, జరగలేదు. వెనక నిలబడిన ఎదుటి పక్షం కుర్రాళ్లు ఒక్కో అంశానికీ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మామ కండువాతో మొహం తుడుచుకుంటూ కదలకుండా కూర్చున్నాడు. నాలుగోది చదివాను. "తొండూరు బడికి కొత్త గది. జరగలేదు."

జనమంతా పగలబడి నవ్వారు. ముందు వరుసలోంచి ఒక ముసలి సాయిబు లేచాడు. ఆ ఊరి గోడలన్నీ కట్టిన మేస్త్రీ.

"ఏమప్పా, ఆ గది గోడకే ఆనుకోని నిలబడుకోనుండావే. అది నేను కట్టిన గోడ. లేదంటాండావు, మరి నీ ఈపుకు అంటిన సున్నం యాడిది?"

వీపు తడుముకున్నాను. చేతినిండా సున్నం. సిగ్గుతో, గది అయిందని ఎవరూ కార్డు రాయలేదే అని గొణిగాను.

"లేనప్పుడు రాస్తాంగానీ, వచ్చినాక కార్డెవురు రాస్తారు నాయనా" అన్నాడు మేస్త్రీ.

నా నియమం ఎక్కడ కూలిందో అప్పుడు అర్థమైంది. ఆ మాటతో జనం ఒక్కొక్కరే లేచారు. మా వీధి బావిని జాబితాలోంచి కొట్టేయమని ఒకరు, పోస్టాఫీసు కొట్టేయమని ఒకరు. నేను పెన్సిల్‌తో గీతలు గీస్తూనే ఉన్నాను. వెనక చప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయో గమనించలేదు. ముప్పై ఏడు మాత్రం ఎవరూ కొట్టేయమనలేదు. అది వంక మీద వంతెన. చివరికి ఒక నడివయసు ఆడమనిషి లేచి నిలబడింది.

"అది కొట్టొద్దు. వంక పారతాంటే నిండు చూలాలు నా కోడల్ని మంచం మీద మోసుకోనొచ్చి, ఆ గడ్డన పొద్దుమూకే దాకా నిలబడినాం. పిల్లోడు దక్కలేదు."

మామ లేచాడు. "రెండు తూర్లు అడిగినా తల్లీ, రెండు తూర్లూ కాదన్న్యారు. మూడోతూరి అడిగేదానికి నన్ను పంపండి. ఈసారీ కాకపోతే ఓటడిగేదానికి ఈ ఊర్లో కాలు పెట్టను."

ఆ సంగతి మా జీపు కంటే ముందే అన్ని ఊళ్లకూ చేరిపోయింది. దువ్వూరులో, మైదుకూరులో మా కోసం కాదు, నా తప్పుల కోసం జనం కాచుకుని కూర్చున్నారు. ప్రొద్దుటూరులో ఒక బట్టల షావుకారు గజం బద్ద పట్టుకుని కొట్టు దిగి వచ్చి, తమ వీధి కాలువ వచ్చి మూడేళ్లయిందని, కావాలంటే కొలుచుకొమ్మని నాతో పందెం కట్టాడు. మేం ఒక్క గొప్ప కూడా చెప్పుకోలేదు. ఊళ్లే మా తరఫున కేకలు వేసి చెప్పాయి. ప్రచారం ముగిసేసరికి నూటపన్నెండు ఇరవై మూడుకు దిగింది.

కడపలో ఓట్లు లెక్కించిన రోజు మధ్యాహ్నానికే సంగతి తేలిపోయింది. అంతకుముందు రెండుసార్లూ కలిపినా రానంత మెజారిటీ. పలక డప్పులు మోగాయి, ఎవరో మా అత్తను కూడా జీపెక్కించారు. తొండూరు మేస్త్రీ నా వీపు మీద చరిచి, ఈసారి సున్నం లేదులే అన్నాడు. బంతిపూల దండల్లో ముక్కు వరకు మునిగిపోయిన మామ, జనంలో నన్ను వెతికి పట్టుకుని అడిగింది ఒక్కటే. "మిగిలినవి ఎన్ని అల్లుడా?"

ఇరవై మూడన్నాను.

"రేపు పొద్దున్నే ముప్పై ఏడోదాంతో మొదలుపెట్టు."

మూడోసారి అడగడం అంటే పదకొండుసార్లు ఢిల్లీ ఆఫీసు మెట్లెక్కడం అని తర్వాత తెలిసింది. నాలుగో ఎన్నికకు ఆరు నెలల ముందు వంతెన లేచింది. రిబ్బను కత్తిరించమని మామకు కత్తెర ఇస్తే, దాన్ని ఆ సభలో లేచిన ఆడమనిషి చేతిలో పెట్టాడు. ఆమె కోడలు చంకలో రెండేళ్ల పిల్లతో ముందుగా నడిచి అవతలి గడ్డ ఎక్కింది. నేను పిట్టగోడ మీద కాగితం పరిచి ముప్పై ఏడో వరుస మీద అడ్డంగా గీత గీశాను. జీవితంలో చాలా గీతలు గీశాను గానీ, అంత తిన్ననిది మళ్లీ గీయలేదు.

మామ పోయి చాలా ఏళ్లయింది, ఆ డబ్బాలు తుప్పుపట్టాయి. వంతెన అయిందని ఇప్పటికీ ఏ ఊరి నుంచీ కార్డు రాలేదు. ఇన్నేళ్లుగా జనం, బస్సులో చెనక్కాయలు ఒలుచుకుంటూ, తలెత్తకుండా నాలుగు సెకండ్లలో దాని మీదుగా దాటిపోతూ ఉన్నారు. మా మామకు అంతకంటే మంచి కార్డు ఎవరు రాస్తారు?