లాల్‌గడి మలక్‌పేట్ మీదుగా జపాన్

బొంతల మీద పుస్తకం రాస్తున్నానని చెప్పినప్పుడు మా ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ అంచు కుట్టి, మధ్యలో వరసగా కుట్లు వేసే బొంతలు మేడ్చల్ చుట్టుపక్కల ఏ ఇంట్లో చూసినా ఉండేవి. నేను బడిలో డ్రాయింగు టీచరును. సెలవు రోజుల్లో ఎవరింటి గోడ మీదైనా బొంత ఆరేసి కనిపిస్తే ఆగి, దాని కుట్టు గీసుకునేదాన్ని. టీచరమ్మకు బొంతల పిచ్చి అని వీధిలో అనుకునేవారు. అంతవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు.

ఆ పుస్తకం కోసం జపాన్ వెళ్తానన్నప్పుడు మాత్రం అందరికీ ఇబ్బంది వచ్చింది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. కొంపల్లిలో కొత్తగా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతుకుతుంటే, జపాన్‌లో ఒక చిన్న ఊళ్లో అతుకుల బట్టలు దాచిపెట్టిన మ్యూజియం ఉందని తెలిసింది. అచ్చం మన బొంతల్లాగే, లేనివాళ్లు చిరిగిన గుడ్డ మీద గుడ్డ వేసి కుట్టుకున్నవి. వచ్చీరాని ఇంగ్లీషులో ఒక ఈమెయిలు పెట్టాను. ఆ మ్యూజియం చూసుకునే పెద్దావిడ నాకంటే వచ్చీరాని ఇంగ్లీషులో జవాబిచ్చింది. వసంతంలో రమ్మంది, తన ఇంట్లోనే ఉండమంది.

మా అత్తమ్మకు ఈ మాట చెప్పాను.

"బొంతలు సూడనీకి గంత దూరమెందుకే? మనింట్ల పెట్టె నిండ ఉన్నయ్ గదా!"

"ఆడి కుట్టు వేరే ఉంటది అత్తమ్మా."

"కుట్టు ఏడనన్న కుట్టే. సూది పైకెళ్లి కిందికి పోతది, కిందికెళ్లి పైకొస్తది. జపాన్‌ల పక్కకు పోతదా?"

మా ఆయన దూలపల్లిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. దేనికీ వద్దనడు, కానీ ఔననడానికి చాలా సమయం తీసుకుంటాడు. "పో, నేనేం వద్దంటలేను. కానీ సికింద్రాబాద్‌ల బస్సెక్కి ఇంటికి రమ్మంటే తూప్రాన్‌ల దిగినవ్. జపాన్ పొమ్మంటే ఏడ దిగుతవో" అన్నాడు. అది నిజమే. బస్సెక్కితే నాకు నిద్ర ఆగదు.

మా పక్కింటావిడ గోదావరి జిల్లా నుంచి వచ్చి మా కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. ఏ పనైనా ముందు ఒకసారి చేసి చూసుకోవాలన్నది ఆవిడ సిద్ధాంతం. కూతురి పెళ్లికి ముందు విందు భోజనం కూడా ఒకసారి వండించి చూసుకున్న మనిషి.

"టీచరుగారూ, అక్కడ మన భాష ఎవరికీ రాదు కదండీ. సైగలతో నెట్టుకురాగలరో లేదో ముందు ఇక్కడే చూసుకోండి. మిమ్మల్ని ఎరగని ఊరు ఏదైనా చెప్పండి."

అలా శామీర్‌పేట్ మండలంలో లాల్‌గడి మలక్‌పేట్ ఖాయమైంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒక్క ముక్క మాట్లాడకూడదు. ఒక బొంత వెతికి బొమ్మ గీసుకోవాలి. అన్నం సంపాదించుకోవాలి. చీకటి పడకముందే ఇంటికి చేరాలి. మా ఆయన ఈ షరతులు విని చాలా సంతోషించాడు. "గిది చేసొస్తే టికెట్ నేనే తెస్త" అన్నాడు.

చలికాలం, ఆదివారం పొద్దున. బస్సెక్కగానే కండక్టరు ఎక్కడికి అన్నాడు. చెయ్యి ముందుకు చూపించాను.

"ముందుకే పోతాంది బస్సు, ఎనకకు పోదు. ఏ ఊరు?"

మళ్లీ ముందుకే చూపించాను. వెనక సీట్లో ముసలాయన, "మాటలు రావనుకుంట, పాపం" అన్నాడు. కండక్టరు ముఖం మారిపోయింది. ఒకామెను జరిపి నన్ను కూర్చోబెట్టాడు. ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే నా చెవి దగ్గర గట్టిగా అరుస్తూ నా ముఖం చూశాడు. లాల్‌గడి మలక్‌పేట్ అనగానే తల ఊపాను. బస్సు బస్సంతా ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు నిద్రపోదామన్నా ఎవరూ పోనిచ్చేలా లేరు.

ఊళ్లో దిగి కొంత దూరం నడిచేసరికి ఒక ప్రహరీ గోడ మీద నీలం, ఎరుపు ముక్కల బొంత కనిపించింది. లోపల వాకిట్లో ఒక అవ్వ చిక్కుడుకాయలు తుంచుతోంది. బొంత వైపు చూపించి, గాలిలో వేలితో గీతలు గీశాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"సలి పెడతాందా బిడ్డా?"

లేచి వెళ్లి, ఇంకా సగం తడిగా ఉన్న బొంతను తెచ్చి నాకు మెడ దాకా చుట్టింది. దాన్ని చుట్టుకునే దాని బొమ్మ గీయడం మొదలుపెట్టాను. అవ్వ జొన్న రొట్టె, చిక్కుడుకాయ కూర తెచ్చి ఒళ్లో పెట్టింది. జపాన్‌లో కూడా పనులు ఇంత తేలిగ్గా అవుతాయా అనుకుంటూ తింటున్నాను. అంతలో ఎదురింటామె వచ్చింది.

"ఎవలత్తా గీమె?"

"మూగది. మొగడు ఎల్లగొట్టినట్టున్నడు."

నేను కాదని గట్టిగా తల ఊపాను.

"సూడు, మొగడనంగనే ఎట్ల వణుకుతాందో! మస్తు కొట్టినట్టున్నడు."

ఆ మొగడు అప్పుడు ఇంట్లో నా వంతు బియ్యం ఏరుతూ ఉంటాడు. అయినా చెప్పే దారి లేదు. వాళ్లిద్దరూ ఆయన్ని తిట్టినన్ని తిట్లు నేనెప్పుడూ తిట్టలేదు.

గేటు ముందు ఆటో ఆగింది. మా అత్తమ్మ, వెనకే పక్కింటావిడ దిగారు. ఇంట్లో ఉండబట్టక వచ్చేశారు.

"మా కోడలు గిటు వచ్చిందా? ఎర్ర చీర, బట్ట సంచి."

"మూగామెనా?" అంది అవ్వ.

అత్తమ్మ నా వైపు చూసింది. నేను బొంతలోంచి రెండు చేతులూ తీసి దండం పెట్టాను. ఆమెకు అర్థమైంది. వాకిట్లోకి వచ్చి తీరుబడిగా కూర్చుంది.

"ఆఁ, మూగదే. పుట్టుకతోనే. మా బంగారం! పెండ్లయినకాడికెళ్లి నాకు ఒక్క మాట ఎదురు చెప్పలే."

పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగారు.

"నిన్న పప్పుల ఉప్పెక్కువైందన్న. ఏమన్నదనుకున్నవ్ అక్కా? ఏమనలే. గిట్లనే సూసుకుంట కూసున్నది."

నిన్న నేనన్న మాటలకు మా వీధి కుక్క కూడా లేచిపోయింది. ఇప్పుడు మాత్రం రొట్టె నములుతూ కూర్చున్నాను. అవ్వ నన్ను చూసి కళ్లొత్తుకుంది.

అప్పుడే చర్చిలో ఆరాధన ముగించుకుని తెల్లచీర కట్టుకున్న ఒకావిడ ఆ దారిన వెళ్తోంది. అవ్వ ఆమెను పిలిచి, "గీ బిడ్డ కోసం జర ప్రార్థన చెయ్యమ్మా" అని అడిగింది. ఆపుదామని నేను లేవబోయాను. ఆమె అప్పటికే నా తల మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. అవ్వ, ఎదురింటామె కళ్లు మూసుకున్నారు. మా అత్తమ్మ కూడా, ఎందుకైనా మంచిదని, మూసుకుంది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆమె అంత మనసు పెట్టి అడుగుతోంది, ఇప్పుడు నిజం చెప్పడం ఎలా?

గోడ మీద ఆరేసినప్పుడు ఎక్కిందేమో, బొంతలోంచి ఒక గండుచీమ నా మెడ మీదికి పాకింది. ఓర్చుకున్నాను.

"ప్రభువా, ఈ సోదరి నోరు తెరువు..."

"అమ్మో! కుట్టింది! చచ్చిపోతినో!"

తెల్లచీర ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి తన చెయ్యి తాను చూసుకుంది. అవ్వ ఒళ్లోంచి చిక్కుడుకాయలన్నీ కింద పడ్డాయి.

"మాట్లాడింది! గీమె మాట్లాడింది!"

చుట్టుపక్కల ఇళ్లవాళ్లు పరుగెత్తుకొచ్చారు. నేను మూగదాన్ని కాదని, టీచరునని, జపాన్ పోవాలని, అందుకే ఈ పరీక్ష అని మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. ఎంత చెప్తే అంత చప్పట్లు. నేనేం చెప్తున్నానో ఎవరూ వినడం లేదు. "ఎంత మంచిగ మాట్లాడుతాందో!" అంటున్నారు.

తెల్లచీర ఆవిడకే ముందు అర్థమైంది. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. అరుగు మీద కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. "ఇన్నేండ్ల నుంచి ప్రార్థన చేస్తున్న టీచరమ్మా, ఇంత జల్దీ జవాబు ఎన్నడు రాలె!"

అవ్వకు మాత్రం కోపం వచ్చింది, అదీ నా మీద కాదు.

"నువ్వు పెద్దదానివి గదా, నువ్వన్న చెప్పొద్దా?"

"జర సేపు మంచిగనిపించింది అక్కా," అంది మా అత్తమ్మ.

అవ్వ ఇంట్లోకి వెళ్లి తన కోడలు ఎలాంటిదో వివరంగా చెప్పడానికి చెంబుతో చాయ్ పట్టుకొచ్చింది.

ఇంటికి చేరాక మా ఆయన అంతా విని, "మాట్లాడినవ్ గదా. ఫెయిల్" అన్నాడు. అత్తమ్మ చెప్పులు విడుస్తూనే అందుకుంది.

"ఏం ఫెయిల్? తెల్వని ఊర్ల తిననీకి దొరికింది, కప్పుకోనీకి దొరికింది, దాని తరఫున దేవునికి చెప్పెటోళ్లు దొరికిండ్రు. ఇంకేం గావాలె? పోనియ్యి."

వసంతం వచ్చింది. చీకటితోనే గబగబా చెప్పులు తొడుక్కుని బయల్దేరాం. ఒంటరి ప్రయాణమని పేరే గానీ, బేగంపేట విమానాశ్రయానికి నన్ను సాగనంపడానికి ఒక జీపు నిండా జనం వచ్చారు. హడావిడిగా లోపలికి వెళ్లి తిరిగి చూస్తే, అద్దానికి అవతల మా అత్తమ్మ నిలబడి ఒక కాలు ఎత్తి దాన్ని వేలితో చూపిస్తోంది. కాళ్లకు దండం పెట్టడం మరిచిపోయానని గుర్తొచ్చింది. వంగి, అద్దంలోంచే భక్తిగా దండం పెట్టాను. ఆమె నెత్తి కొట్టుకుంది. బాధపడుతోందనుకుని నాకూ కళ్లు చెమర్చాయి.

జపాన్‌లో ఆ పెద్దావిడ ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచాను. ఆవిడ వంగి, వాటిని గుమ్మం వైపు తిప్పి పద్ధతిగా పక్కపక్కన పెట్టింది. పెట్టి, చెప్పుల వైపు చూసింది. నా ముఖం చూసింది. తల వంచి లోపలికి పిలిచింది. ఒక చెప్పు నాది, గోధుమ రంగు. రెండోది మా అత్తమ్మది, నల్లది.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను.

"కాలు లేపి లేపి సూపిస్తే దండం పెట్టి పోతివి," అంది మా అత్తమ్మ. "నేనీడ ఒకటి నీది, ఒకటి నాది ఏసుకొని తిరుగుతున్న. అందరు నవ్వుతాన్రు. ఆడ ఎవలన్న నవ్విన్రా?"

"లేదత్తమ్మా."

"మంచోళ్లున్నట్టున్నరు. పైలం బిడ్డా."