బాపు కారు కింద నా ఆదివారాలు

మా బాపు రిటైరయ్యాక కొన్న పాత తెల్ల కారును బాగు చేసే పని చివరికి నా నెత్తిన పడుతుందని ముందే తెలిసి ఉంటే, కల్వకుర్తికి బదిలీ కోసం అంత తాపత్రయపడేదాన్ని కాదు.

బాపు జీవితమంతా కొల్లాపూర్ రూట్‌లో బస్సు నడిపినవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో రిటైరై, ఇంట్లో కూర్చోలేక, ఎవరో వాడి వదిలేసిన చిన్న కారు కొన్నాడు. కొన్నాళ్లు తానే నడుపుకున్నాడు, తానే విప్పుకున్నాడు, తానే బిగించుకున్నాడు. ఆ తర్వాత షుగర్ వల్ల చూపు మసకబారింది. మోకాళ్లు వంగడం మానేశాయి. సరిగ్గా అప్పుడే నేను ఇక్కడి సర్కారు దవాఖానకు నర్సుగా వచ్చి, అమ్మవాళ్ల ఇంటి పక్క వాటాలో కిరాయికి దిగాను. కారు నడపడం నాకు వచ్చు. పానా పట్టడం రాదు. ఆ మాట అంటే బాపు ఒప్పుకోలేదు.

"చీకట్ల గూడ నరం దొరకబట్టి సూది గుచ్చుతవు. గంత లావు నట్టు దొరకదా నీకు?"

మెకానిక్ పేరెత్తితే చాలు, బాపు మొహం మాడిపోయేది. ఒకప్పుడు ఏదో షెడ్డులో కారు ఇచ్చి వస్తే, వాళ్లు మంచి బ్యాటరీ తీసి పాతది పెట్టి పంపారట. అప్పటి నుంచి ఆయన దృష్టిలో షెడ్డు అంటే దొంగల అడ్డా. మా ఆయన ఏమో మోటర్‌సైకిల్ మనిషి. కారు మాట వినపడితే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. కాబట్టి వారమంతా రోగులకు చేసి వచ్చి, ఆదివారం పొద్దున్నే వాకిట్లో గోనెసంచి పరిచి, నేను కారు కిందికి దూరేదాన్ని.

నేను కింద. బాపు పైన, ప్లాస్టిక్ కుర్చీలో. ఆయనకు కనపడదు, నాకు తెలియదు.

"ఏం కనవడ్తాంది?"

"నల్లగ ఏదో ఉన్నది బాపూ."

"నల్లగంటె? కారు కింద అంత నలుపే ఉంటది. గుండ్రంగ ఉన్నదా, పొడుగ్గ ఉన్నదా?"

"గుండ్రంగనే... పొడుగ్గ గూడ ఉన్నది."

"ఇగ నువ్వు రోగులకు ఏం జూస్తవో ఏమో!"

ఈలోపు కంట్లో తుప్పు రాలేది. దారిన పోయే ప్రతివాడూ ఆగి ఏదో ఒకటి అనేవాడు. ఒకాయన ఇంజన్ గడబడ అనేవాడు, ఇంకొకాయన ముందర నిమ్మకాయ ఎందుకు కట్టలేదని అడిగేవాడు. వంగి ఒక్క నట్టు విప్పినవాడు మాత్రం లేడు. మధ్యాహ్నం దాటేసరికి అమ్మ గడపలోకి వచ్చి నిలబడేది.

"అన్నం చల్లారింది. కూర రెండోపారి ఎచ్చబెట్టిన. బండి కడుపు నిండినంక వస్తరా, ఇప్పుడే వస్తరా?"

"అయిపాయె, అయిపాయె" అనేవాడు బాపు. అయ్యేది కాదు. గోళ్లలో నల్ల గ్రీజుతోనే నేను సాయంత్రం అన్నం తినేదాన్ని. సోమవారం డ్యూటీకి వెళ్తే చేతులు చూసి డాక్టరమ్మ మొహం చిట్లించేది.

అలా సాగుతుండగా కొత్త తంటా మొదలైంది. పొద్దున లేచేసరికి కారు ముందు భాగం కింద నీళ్ల మడుగు ఉండేది. రేడియేటర్ నుంచి ఎక్కడో కారుతోంది. మా బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం పేరుకుంటుందని బాపు కూలెంట్ డబ్బా తెప్పించి పోయిస్తే, అది కూడా నేలపాలైంది. రబ్బరు పైపు పగిలి ఉంటుందన్నాడు. మార్చాను. పాత పైపు ఇనుప గొట్టానికి అతుక్కుపోయి రానని మొండికేస్తే, కత్తితో కోసి, పీకి, వేళ్ల కణుపులు గీసుకుపోయి, చివరికి కొత్తది ఎక్కించి క్లిప్పు బిగించాను. మర్నాడు మళ్లీ మడుగు. క్లిప్పు మార్చాను. మళ్లీ మడుగు. ఇంట్లో ఆ కారడం గురించే గొడవ. క్లిప్పు గట్టిగా బిగించలేదని బాపు నన్ను, ఆయన చెప్పిందే తప్పని నేను ఆయన్ను అనుకోవడం, మధ్యలో అమ్మ చెవులు మూసుకుని లోపలికి పోవడం.

ఉన్నట్టుండి ఒకరోజు మడుగు లేదు. ఆ మర్నాడూ లేదు. నేల పొడిగా ఉంది. నేను చివరిసారి బిగించిన క్లిప్పే పనిచేసిందని నాకు లోలోపల ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. దవాఖానలో కూడా చెప్పుకున్నాను.

ఆ సంతోషం కొద్దిరోజులే. ఊళ్లో తిప్పితే బాగానే ఉండేది కానీ, ఊరు దాటి కాస్త దూరం పోగానే వేడి చూపించే ముల్లు పైకి లేవడం మొదలుపెట్టింది. ఎర్రగీత దగ్గరికి పోయి అక్కడే వణుకుతూ నిలబడేది. వేడెక్కితే తెరుచుకుని నీళ్లు వదిలే థర్మోస్టాట్ పోయిందన్నాడు బాపు. మార్చాను. ఫ్యాను స్విచ్ అన్నాడు. మార్చాను. రేడియేటర్ మూత సరిగా పట్టడం లేదన్నాడు. కొత్త మూత పెట్టాను. ప్రతిసారీ ఆయన గొంతులో అదే ధీమా. ప్రతిసారీ ముల్లు అదే చోట.

థర్మోస్టాట్ విప్పినప్పుడు నా చేతుల మీద చిక్కటి నీళ్లు కారాయి.

"నీళ్లు ఏం రంగున్నయి?" అని అడిగాడు బాపు.

"పచ్చగ ఉన్నయి."

"మరి కూలెంట్ పచ్చగనే ఉంటది గదా. మంచిగనే ఉన్నది. మూసెయ్."

ఆకుపచ్చా, పసుపుపచ్చా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మా దిక్కున రెండూ పచ్చే కదా.

ఆ ఎండాకాలంలోనే మా చెల్లె బిడ్డకు భువనగిరిలో తొట్టెల, అంటే ఊయలలో వేసి పేరు పెట్టే పండుగ, పెట్టుకున్నారు. బస్సులో పోదామని నేను, కారులోనే పోదామని బాపు. పుట్టిన పిల్ల దగ్గరికి సొంత బండిలో పోవాలని ఆయన పట్టు. మా ఆయన ముందు రోజే మోటర్‌సైకిల్ మీద వెళ్లిపోయి బతికిపోయాడు. పొద్దున్నే బాపు నా పక్కన, అమ్మ వెనక సీట్లో తొట్టెకు కట్టే కొత్త చీర ఒళ్లో పెట్టుకుని, బయలుదేరాం.

దేవరకొండ రాకముందే ముల్లు లేచింది.

"హీటర్ పెట్టు" అన్నాడు బాపు.

"ఈ ఎండలనా?"

"ఇంజన్ల వేడి లోపలికి గుంజుకుంటది. నీకెర్క లేదు, పెట్టు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ముల్లు కాస్త దిగింది. కానీ బయట రాళ్లు పగిలే ఎండ, లోపల కాళ్ల మీదికి కొలిమి గాలి. అద్దాలన్నీ దించినా ఊపిరి ఆడలేదు. నా కొత్త జాకెట్టు వీపుకు అతుక్కుపోయింది. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ, "నన్ను గిట్ల ఉడకబెట్టి తీస్కపోయి ఏం జేస్తరయ్యా" అంది.  బాపు నెత్తి మీది నుంచి చెమట ధారలు కడుతోంది.

దేవరకొండ దాటిన తర్వాత హీటర్ నుంచి వచ్చే గాలి మెల్లగా చల్లబడింది.

"జూసినవా, ఇంజన్ సల్లవడ్డది" అని బాపు తొడ మీద చరుచుకున్నాడు.

నేను ముల్లు చూశాను. ఎర్రగీత దాటేసింది. మరుక్షణం బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. రోడ్డు పక్కన ఒక రేగు చెట్టు నీడ కనపడితే అక్కడికి లాగి ఆపేశాను. ఇంజన్ లోపల గడగడమని అన్నం ఉడికినట్టు చప్పుడు.

బాపు కారు దిగి, తడుముకుంటూ ముందుకు వచ్చి, "మూత తియ్యి, నీళ్లు పోద్దాం" అన్నాడు. బానెట్ ఎత్తగానే ఆయన చెయ్యి మూత మీదికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగేశాను.

"నీకేమన్న పిచ్చా బాపూ? మూత తీసి మొహం కాల్చుకున్నోళ్లకు ఎంతమందికి కట్లు కట్టినో నాకు ఎర్క. జరుగు! కూసో అక్కడ!"

బస్సు డ్రైవర్‌గా అంత కాలం చేసిన మనిషి మీద అంత గట్టిగా అరిచానని నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన పోయి చెట్టు కింద ఒక రాయి మీద కూర్చున్నాడు.

ఇంతలో ఒక గొర్ల మంద వచ్చి మమ్మల్ని చుట్టేసింది. చెట్టు నీడ వాటిది కాబోలు, కారు కిందికి కూడా దూరాయి. మంద వెనక వచ్చిన గొల్లాయన మమ్మల్ని, ఆవిరిని చూసి, భుజం మీది గొంగడి సర్దుకుని, "ఇదేంది పెద్దమనిషీ, బండికి జరమొచ్చిందా?" అన్నాడు. బాపు గుర్రుగా చూశాడు. గొల్లాయన అదేమీ పట్టించుకోకుండా, కొంచెం పైన తన తమ్ముడి చెలక ఉందని, కరెంటు ఉంటే బోరు పోస్తుందని చెప్పాడు.

ఇంజన్ చల్లబడేదాకా ఆగి, చేతికి గుడ్డ చుట్టుకుని మూత తీశాను. లోపలి నుంచి చిక్కటి పసుపుపచ్చ ముద్ద పొంగి, వేళ్ల మీదుగా కారింది. వాసన చూశాను. కూలెంట్ వాసన కాదు. తాలింపు పెట్టిన పప్పు వాసన.

"బాపూ, గిది పసుపు!"

"పసుపేంది?"

"పసుపే. ఇంట్ల కూరల ఏసే పసుపు."

బాపు చెయ్యి చాపితే వేలితో కాస్త రాశాను. ఆయన వాసన చూశాడు, నాలుకకు అంటించుకోబోతే ఆపాను. ఇద్దరం ఒకేసారి అమ్మ వైపు తిరిగాం. అమ్మ వెనక సీట్లోనే ఉంది. చీర మడతలు సరిచేస్తోంది.

"అమ్మా?"

"నేనే ఏసిన" అంది, తల ఎత్తకుండానే. "నువ్వు గాదయ్యా జెప్పింది? బస్సు కారితె కొల్లాపూర్ల పసుపు కొని పోసి నడిపిన అని, వచ్చినోళ్లకల్ల జెప్తవు. ఒక్కటే కారుతాంది, ఒక్కటే కారుతాంది అని పొద్దుగాల లేస్తె లొల్లి. ఏసిన. ఆగలే? నువ్వే జెప్పు, ఆగలే?"

ఆగింది. అది నిజం. నా క్లిప్పు కాదు, మా అమ్మ పసుపు ఆపింది. ఆ పసుపే లోపలి గొట్టాల్లో పేరుకుని నీళ్లనూ ఆపింది.

"చిటికెడు ఏస్తరే! ఎంత ఏసినవు?" బాపు గొంతు కీచుగా వచ్చింది.

"మొదలు చిటికెడే. మల్ల తడి కనవడ్డప్పుడల్ల ఇంకింత. డబ్బ ఒడిసినంక కొమ్ములు దంచి ఏసిన."

"మూత తియ్య నీకెట్ల వచ్చింది?"

"ప్రతి ఆదివారం మీరిద్దరు తీసుడు పెట్టుడు జూస్తనే ఉన్న గదా. అదేమన్న బ్రహ్మవిద్యనా?"

నాకు ఏడుపొచ్చిందో, నవ్వొచ్చిందో, కోపమొచ్చిందో ఇప్పటికీ తెలియదు. థర్మోస్టాట్, స్విచ్, మూత, గీసుకుపోయిన కణుపులు, పోయిన ఆదివారాలు అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. "ఇన్ని సామాన్లు మారుస్తుంటె ఒక్కమాట జెప్పొద్దా అమ్మా?" అని అరిచాను.

"జెప్తె నన్నేమంటరో తెల్వదా?" అని అమ్మ కూడా అరిచింది. "అన్నం సల్లారుతాందంటెనే ఇనరు. పసుపు మాట ఇంటరా?"

గొల్లాయన గొర్లను అదిలించాడు.

కారును మెల్లగా చెలక దాకా తీసుకుపోయాం. కరెంటు ఉంది. గొల్లాయన మరదలు నీళ్ల పైపు లాక్కొచ్చి ఇచ్చింది. నేను తొట్టెలకని కట్టుకున్న పట్టుచీర మోకాళ్ల పైకి దోపుకుని, కారు కిందికి దూరి, కింది పైపు ఊడదీశాను. పై నుంచి నీళ్లు పడితే కింద నుంచి పసుపు ముద్దలు ముద్దలుగా నా మీదే పడింది. దున్నిన ఎర్రమట్టిలో పచ్చటి కాలువ పారింది. నీళ్లు తేటగా వచ్చేదాకా పోశాం, మళ్లీ పైపు ఎక్కించాం, మళ్లీ నింపాం. ఈసారి పైపు పట్టుకుంది అమ్మ. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పోయాలో నేను చెప్పకముందే చేసింది. బాపు పక్కన నిలబడి, ఎవరూ అడగకపోయినా "చాలు, ఇంకింత" అంటూనే ఉన్నాడు.

పసుపు కొట్టుకుపోయాక రేడియేటర్ కారడం మళ్లీ మొదలైంది. దారి పొడుగునా ఆగుతూ, నీళ్లు పోస్తూ భువనగిరి చేరేసరికి పిల్లను తొట్టెలో వేయడం, పేరు పెట్టడం, భోజనాలు అన్నీ అయిపోయాయి. చెల్లె గుమ్మంలోనే నిలబడి ఉంది.

"మీరు తేవాల్సిన చీర లేక మా అత్త చీరతోని తొట్టె కట్టిన్రు. నలుగుట్ల నా ఇజ్జత్ పోయింది" అంది. ఆమె కళ్లు నా చీర మీద పడ్డాయి. "ఒళ్లంత పసుపేందే? ఇంకేడన్న పెండ్లికి పోయొచ్చినవా?"

 అమ్మ తాపీగా పిల్లను ఎత్తుకుని, నుదురు ముద్దు పెట్టుకుని, "మీ తాత బండి ఖరాబైంది బిడ్డా" అంది. తప్పంతా ఆ ఒక్క మాటతో బాపు మీదికి పోయింది. మా ఆయన మూలన పేపరు తెరిచాడు.

తిరిగొచ్చాక కొత్త రేడియేటర్ తెచ్చి బిగించాను. అది ఎలా బిగించానో చెప్పే ఓపిక నాకు లేదు. ఇప్పుడు కారడం లేదు, ముల్లు సగంలోనే నిలబడుతుంది. బాపు కొన్నాళ్లు అమ్మతో మాట్లాడలేదు. అమ్మ ఆ సంగతి గమనించినట్టే లేదు. కానీ ఒక పద్ధతి పెట్టింది. ఆదివారం కుక్కర్ కూత వినపడగానే చేతులు కడుక్కుని కంచాల ముందు కూర్చోవాలి, లేకపోతే అన్నం గిన్నె పక్కింటికి పోతుంది. ఒక ఆదివారం నిజంగానే పోయింది కూడా. అప్పటి నుంచి మాకు వేడి అన్నం దొరుకుతోంది.

మొన్న డ్యూటీలో ఉండగా బాపు ఫోన్ చేశాడు. రోగికి సెలైన్ ఎక్కిస్తూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నాను.

"బిడ్డా, వైపర్ ఒక్కదిక్కే తిరుగుతాంది. వానలొస్తున్నయి."

"ఆదివారం చూద్దాం బాపూ. ఫికర్ జెయ్యకు. నువ్వైతె దాన్ని ముట్టకు."

అటు నుంచి నట్టు ఏదో నేల మీద పడ్డ చప్పుడు వచ్చింది.

"ఇప్పిన" అన్నాడు.