లక్ష్మీరాజం వెలుగు మీటరు

లక్ష్మీరాజం వెలుతురు కొలవనిదే ఎక్కడా కూర్చునేవాడు కాదు. పెళ్ళి బంతిలో విస్తరి ముందైనా, మంగలి కుర్చీలోనైనా ముందు జేబులోంచి నల్లటి మీటరు తీసి పట్టేవాడు. ముల్లు వంక కాసేపు చూసి, పర్వాలేదు కూర్చోవచ్చని తనకు తానే అనుమతి ఇచ్చుకునేవాడు. కోరుట్లలో దుకాణం ఎత్తేసిన ఫొటోగ్రాఫరు ఒకాయన దాన్ని ఆయనకు అంటగట్టి చేతులు దులుపుకున్నాడట.

సిరిసిల్లలో ఒక నేత సంఘం ఆఫీసుకు ఆయన పెద్ద గుమాస్తా. ఒకటే గది, ఒకటే కిటికీ. పొద్దున్నే ఎండ లోపలికి వాలితే, సందులోని మరమగ్గాల మీంచి లేచిన దూది నూగు ఆ వెలుగులో మెల్లగా ఈదేది. లక్ష్మీరాజం గది మధ్యన మీటరు పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, దాన్నే చూస్తూ ఉండిపోయేవాడు. చాయ్ మీద మీగడ కట్టేది. సంతకం కోసం వచ్చినవాళ్ళు నిలబడి నిలబడి, చివరికి తామూ ఆ నూగునే చూస్తూ వచ్చిన పని మరిచిపోయేవారు.

అదే ఆఫీసులో పనిచేసే సుమిత్రకు మాత్రం ఆ మీటరంటే భయం. నేసి తెచ్చిన గుడ్డను బల్ల మీద పరిచి, తప్పిపోయిన పోగులు పట్టుకోవడం ఆమె పని. ఈ మధ్య ఆ పోగులు ఆమె కళ్ళకు అలుక్కుపోతున్నాయి. వెలుగు చాలినంత ఉందని మీటరు చెబితే, లోపం తన కళ్ళదేనని బయటపడుతుంది. అద్దాలు పెట్టుకుందామంటే, ఆమెకు ముందు ఆ పని చేసిన మల్లక్క గతి తెలుసు. అద్దాల కళ్ళు గుడ్డ చూడటానికి పనికిరావని ప్రెసిడెంటు కొమురయ్య మల్లక్కను ఇంటికి పంపేశాడు. సుమిత్ర జీతం మీదే ఇల్లు గడుస్తోంది. అందుకే నోరు మూసుకుని, కళ్ళు చికిలించుకుని నెట్టుకొస్తోంది.

దాచిన సంగతి ఎన్నాళ్ళు దాగుతుంది? ఆమె పాస్ చేసిన గుడ్డ పోగులు తప్పాయని తిరిగొచ్చింది. కొమురయ్య గుడ్డ పట్టుకుని ఆమె బల్ల ముందుకొచ్చాడు. సుమిత్ర లేచి నిలబడింది. ఈలోగా లక్ష్మీరాజం ఎక్కడో కలలోంచి నడిచి వస్తున్నట్టు వచ్చి, బల్ల మీద మీటరు పెట్టాడు.

"ఈడ వెలుగు సగమే ఉన్నది సాబ్. గీ వెలుగుల దేవుడు సూసినా పోగు కనవడదు."

కొమురయ్య మనిషి మాట నమ్మడు గానీ మిషన్ మాట నమ్ముతాడు. కిటికీ పక్కనున్న తన బల్లను తనే చీకటి మూలకు లాగించి, ఆ చోటు సుమిత్రకు ఇచ్చాడు.

ఆ వారమే లక్ష్మీరాజం మీటరుకు రిపేరుందని జగిత్యాల బయల్దేరుతూ, పెద్దాసుపత్రిలో కళ్ళు కూడా చూస్తారు రమ్మని సుమిత్రను వెంటబెట్టుకున్నాడు. అన్నల కోసం, అంటే నక్సలైట్ల కోసం, పోలీసులు దారిలో బస్సులాపి సంచులు తడిమే కాలమది. మల్యాల దగ్గర వాళ్ళు ఎక్కారు. సీటు మీద మీటరు పట్టుకుని ధ్యానంలో ఉన్న లక్ష్మీరాజాన్ని చూసి ఒక కానిస్టేబులు దాన్ని లాక్కుని, ఇదేం బాంబని అడిగాడు. వెలుగు కొలిచేదని చెబితే ఎండకు పెట్టి చూశాడు, నీడకు పెట్టి చూశాడు, చెవి దగ్గర ఆడించాడు. ముల్లు ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"ఇది సచ్చి శాన దినాలైంది పెద్దమనిషీ," అని తిరిగి ఒళ్ళో పడేసి దిగిపోయాడు.

బస్సు కదిలాక సుమిత్ర నెమ్మదిగా అడిగింది. "నా బల్లకాడ వెలుగు సగమే ఉన్నదని మరెట్ల చెప్పినవ్ కాకా?"

"నువ్వు కండ్లు చికిలిచ్చుడు సూసి చెప్పిన బిడ్డా. నేను చెప్తే ఆయన ఇనడు. మిషన్ చెప్తే ఇంటడు."

అని మీటరును కిటికీలోంచి పడుతున్న ఎండకు పట్టి, మళ్ళీ ఆ చచ్చిన ముల్లునే మురిపెంగా చూసుకున్నాడు. సుమిత్రకు నవ్వొచ్చింది, ఆ మనిషి మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టుకొచ్చింది.

జగిత్యాల నుంచి అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకుని ఆఫీసులో అడుగుపెట్టేసరికి కొమురయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. లక్ష్మీరాజం అప్పటికే కిటికీ దగ్గర మీటరుతో నిలబడి, బాధగా తల ఊపుతున్నాడు.

"ఈడ వెలుగు మస్తు ఎక్కువైంది సాబ్. అద్దాలు పెట్టుకోకుంటె కండ్లు ఖరాబైతయి. ఆమె తప్పు గాదు, కిటికీది."

కొమురయ్య మీటరును చేతిలోకి తీసుకుని, కళ్ళు చికిలించి దూరంగా పట్టి చూశాడు, దగ్గరగా పట్టి చూశాడు. చాలాసేపటికి, అవును ఎక్కువే ఉందన్నాడు. సుమిత్ర పని నిలిచింది. ఆమె గుడ్డ పరుచుకుంది. పోగులు ఒక్కొక్కటీ విడివిడిగా, తలదువ్వుకుని వచ్చినట్టు కనిపించాయి.

మధ్యాహ్నం కొమురయ్య తన చీకటి మూలలోంచి, ఎవరికీ వినపడకూడదన్నట్టు పిలిచాడు.

"లక్ష్మీరాజం, జర నా బల్ల గూడ కొలువు. ఈడ గూడ వెలుగు ఎక్కువైనట్టున్నది."