ఒకటో రకం

జనవరిలో ఆ సరిహద్దు పోస్టుకు చేరాను. పదకొండు వేల అడుగుల ఎత్తు. మోకాలి దాకా మంచు. రెండు గుడారాలు, ఒక బంకరు: అదే మా ఆసుపత్రి. నేను నర్సింగ్ అసిస్టెంటుని. సంచిలో థర్మామీటర్లు రెండు, పలాస నుంచి అమ్మ కట్టిచ్చిన జీడిపప్పు పొట్లం.

ఆ పప్పు సగం మా డ్రైవరే తినేశాడు. వజ్రపుకొత్తూరు వైపు వాడు, సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లో పుట్టాడు. చలికి పళ్ళు టకటకమంటున్నా బాగున్నాననేవాడు.

"తెప్ప మీద నొప్పనకూడదు బావా. గాలి తిరిగిపోద్ది. మా అయ్య నేర్పినాడు."

"ఇది తెప్ప కాదురా, కొండ," అని ఏడిపించేవాణ్ణి.

ఫిబ్రవరిలో షెల్ ముక్క వాడి కడుపులో దిగింది. సర్జన్ మేజరు పేగు కోసి కుట్టాడు. నాలుగో రోజు పై పోస్టుకు వెళుతూ రిజిస్టరు నా చేతికిచ్చాడు. కోసినచోట చీము చర్మం వరకే ఉంటే ఒకటో రకం. కింద కండలోకి దిగితే రెండు. కడుపు లోపల చేరితే మూడు.

"మూడోది పైకి కనబడదు. అడిగి తెలుసుకో," అన్నాడు.

ఐదో రోజు, పొద్దున్న ఎనిమిది. జ్వరం నూట ఒకటి. కుట్ల చివర ఎరుపు, ఒక చుక్క చీము.

"లోపల నొప్పెడతందా?"

"నేదు బావా. పైన సురుక్కుమంటంది, అంతే."

వాడి చెయ్యి మంచం ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. వేళ్ళు తెల్లగా ఉన్నాయి. చలికనుకున్నాను.

రేడియోలో మేజరు అడిగాడు. "ఏ రకం?"

"ఒకటి, సార్."

"రెండు కుట్లు విప్పి కడుగు. రేపు వస్తాను."

మర్నాటికి కడుపు చెక్కలా బిగుసుకుపోయింది. మేజరు వచ్చి మళ్ళీ తెరిచాడు. లోపలంతా చీమే. హెలికాప్టరు కోసం రేడియో పట్టుకున్నాం. "మంచు పడుతోంది, ఆగండి," అన్నారు. మధ్యాహ్నం మూడింటికి వాడు పోయాడు.

మేజరు రిజిస్టరులో ఒకటి కొట్టేసి మూడు వేశాడు. నన్ను తిట్టినా బాగుండేది. వాడు నొప్పి ఉన్నా చెప్పడని ఆ కొండ మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. తెలిసీ వాడి "నేదు"ను నమ్మాను.

ఆ డ్యూటీ ముగిశాక వాడి ట్రంకుపెట్టె తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. తల్లి ఇసుకలో తెప్ప పక్కన నిలబడి ఉంది.

"నొప్పెట్టినాదేటి బాబూ ఆడికి?"

"నేదమ్మా," అన్నాను.

ఆవిడ ఏడవలేదు. తెప్ప దుంగను ఒక చేత్తో పట్టుకుంది. ఇన్నేళ్ళయినా ఆ చెయ్యి నా కళ్ళముందు నుంచి పోదు. వేళ్ళు తెల్లగా ఉన్నాయి.