కాలువ వాటా పోగా నా ఈత

నేను రాష్ట్రం తరఫున మూడేళ్ళు ఈదాను. మూడేళ్ళూ నాలుగోవాణ్ణే. ఇది విని ఎవరైనా జాలిపడబోతే మధ్యలోనే ఆపుతుంటాను. రిలే పోటీకి నలుగురు కావాలి. నాలుగోవాడు లేకపోతే ముందున్న ముగ్గురూ గట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకోవాల్సిందే.

ఈదింది ఫ్రీస్టైలు. మా హైస్కూలు డ్రిల్లు మాస్టారు ఆ మాటకి ‘ఎవరికి తోచినట్టు వాళ్ళు ఈదడం’ అని అర్థం చెప్పారు. నాకు తోచింది ఒక్కటే, మా ఊళ్ళో అందరూ ఈదే బార ఈత. ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి ముందుకి వేస్తూ, కాళ్ళు కొడుతూ, కుదిరినప్పుడు ఊపిరి పీల్చుకోవడం. పెద్ద పెద్ద పోటీల్లో కూడా అందరూ ఈదేది అదేనని తర్వాత తెలిసింది. మా ఊరివాళ్ళకి ఆ సంగతి చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు.

మా ఊరు బాపట్లకీ చీరాలకీ మధ్య, పడవల కాలువ గట్టున ఉంటుంది. ఆ రోజుల్లో ధాన్యం, సరుగుడు కట్టెలు, ఉప్పు అన్నీ ఆ కాలువ మీదే పోయేవి. నాకు పదిహేడేళ్ళు. స్కూల్ ఫైనల్ రెండోసారి చదువుతున్నాను, మొదటిసారి సరిగా అర్థం కాలేదు కనక.

ఆ ఏడు వానాకాలం చివర్లో డ్రిల్లు మాస్టారు ఎక్కడో ఒక స్టాప్ వాచీ సంపాదించారు. చేతిలో అది ఉన్నాక దేన్నో ఒకదాన్ని కొలవకుండా మనిషి ఉండలేడు. రోడ్డు కంట్రాక్టరు దగ్గర టేపు తెచ్చి కాలువగట్టున వంద మీటర్లు కొలిచి, ఆ కొసన ఒక కర్ర పాతారు. ఈ కొసన నేరేడుచెట్టు ఉంది. ఎండ మాడిపోతోంది. మాస్టారు నేరేడుచెట్టు కింద నిలబడి, నన్ను కర్ర దగ్గరికి పంపించారు.

ఈల ఊదారు. దూకాను. వచ్చాను.

మాస్టారు వాచీ చూశారు. చెవి దగ్గర పెట్టుకుని ఆడుతోందా లేదా అని విన్నారు. మళ్ళీ చూశారు.

“ఒరేయ్, నువ్వు మనిషివేనా?”

“ఇంట్లో అడగాలండి.”

ఆయన నవ్వలేదు. పదిహేడేళ్ళుగా ఆయన డ్రిల్లు చేయించిన పిల్లల్లో ఒక్కడూ దేనికీ ఎంపిక కాలేదు. ఆ సాయంత్రమే హైదరాబాదులో ఈత సంఘంవారికి ఉత్తరం రాశారు. ‘ఈ టైము నేను నా కళ్ళతో స్వయంగా చూసినది’ అని రాసి, కింద తన పేరు, డిగ్రీ, హోదా పెట్టారు. నెల తిరక్కుండా జవాబొచ్చింది. ఫిబ్రవరిలో రాష్ట్ర జట్టు సెలక్షన్లకి పంపించమని, ఇంత మంచి టైము తమకి ఈ మధ్య ఎవరి దగ్గరనుంచీ రాలేదని.

ఇక ఊరు ఊరుకుంటుందా. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి దండ వేశారు. ప్రెసిడెంటుగారు నేను సప్తసముద్రాలూ ఈదేస్తానన్నారు. అప్పటికి నేను వాడరేవులో మోకాటిలోతు దాటి సముద్రంలోకి పోలేదు. మాస్టారికి కూడా ఒక దండ వేశారు. ఆయన దాన్ని తియ్యకుండానే సైకిలెక్కి ఇంటికి పోయారు, బజారు వీధిలోంచి, చుట్టుదారైనా.

మా అమ్మ మాత్రం మిరపకాయల తొడిమలు తీస్తూ, తుమ్ముల మధ్య విషయం కనుక్కుంది.

“ఈ గట్టునించి ఆ గట్టుకి పోవాలా?”

“పోయి, గోడ ముట్టుకుని, మళ్ళీ వెనక్కి రావాలే.”

“అక్కడ పనేం లేనప్పుడు పోవడం ఎందుకురా?”

ఈత గురించి ఇంత సూటి ప్రశ్న నన్ను తర్వాత ఎవరూ అడగలేదు.

గాలి తీసినాయన మా లాకు సూపర్నెంటుగారు. కాలువకి అడ్డంగా రెండు జతల తలుపులు, మధ్యలో రాతిగోడల తొట్టి. అదే లాకు. పడవ లోపలికొచ్చాక తలుపులు మూసి, నీళ్ళు పెంచో తగ్గించో అవతలికి వదులుతారు. ఆ తలుపుల మీద పెత్తనం ఆయనది. దండ వేసిన మర్నాడు నన్ను పిలిచి, పెద్ద రిజిస్టరు తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టారు.

“నువ్వు ఈదింది ఆ గురువారమేగా?”

“అవునండి.”

“ఆ రోజు పైనించి ఎంత నీరొదిలారో చూడు. సీజను మొత్తానికి అదే ఎక్కువ.”

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపికగా లేచి ఒక కొబ్బరిడొక్క పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని కర్ర దగ్గరికి నడిచారు. డొక్కని నీళ్ళలో వేశారు. ఇద్దరం గట్టున దాని పక్కనే నడిచాం. అది ఏ తొందరా లేకుండా, చేతులూ కాళ్ళూ ఆడించకుండా, నేరేడుచెట్టు దగ్గరికి వచ్చేసింది.

“ఇవాళ నీరు తక్కువ,” అన్నారాయన. “ఆ గురువారమైతే దీన్ని కూడా సెలక్షన్లకి పిలిచేవాళ్ళు.”

ఇందులో ఎవరి మోసమూ లేదు. మాస్టారు నీడ ఎక్కడుందో అక్కడ నిలబడ్డారు. నీడ దిగువన ఉంది. కాలువ దిగువకి పోతోంది, దాని అలవాటే అది.

పరిగెత్తుకుంటూ పోయి మాస్టారికి చెప్పాను.

“మళ్ళీ ఉత్తరం రాద్దామండీ. ప్రవాహం సంగతి మర్చిపోయామని.”

“కళ్ళతో చూశానని సంతకం పెట్టానురా. చూడకుండా సంతకం పెట్టానని రాయమంటావా?” వాచీకి కీ ఇస్తూ అన్నారు. “ఇంకా నాలుగు నెలలుంది. ఆ టైముని నువ్వు నిజం చేసెయ్.”

అలా పడింది భారం. ఫిబ్రవరిలోగా ఆ టైము నాకు కాలువ సాయం లేకుండా రావాలి. రాకపోతే పోయేది నా పరువు కాదు, నాది అప్పటికే స్కూల్ ఫైనల్లో పోయింది. పోయేది మాస్టారిది.

కదలని నీళ్ళు, రెండు కొసలా గోడలు, చుట్టుపక్కల ఎక్కడున్నాయని ఆలోచిస్తే లాకు ఒక్కటే ఉంది. సూపర్నెంటుగారు పొద్దున్నే మొదటి పడవ వచ్చేదాకా నన్ను దాంట్లో ఈదనిస్తానన్నారు. తలుపు పక్కన గోడకి ఒక ఇనప గొలుసు వేలాడుతుండేది. ఒక్క చేత్తో దాన్ని పట్టుకుని, ఒళ్ళు తిప్పుకుని, కాళ్ళతో తలుపుని తన్ని వెనక్కి తిరిగేవాణ్ణి. చాలా సుఖంగా ఉండేది.

మొదటిరోజు కొలిస్తే ఉత్తరంలో రాసిన టైముకీ నాకూ మధ్య ఇరవై సెకన్లకి పైనే తేడా వచ్చింది. అది కాలువ వాటా. నాకు ఆలస్యమైన రోజుల్లో పడవవాళ్ళు తెరచాపలు దించి వరసగా ఆగి చూసేవాళ్ళు.

“ఏమండీ సూపర్నెంటుగారూ, ఈ చేపని ఎప్పుడు తీస్తారు? మేం చీకటిపడేలోగా పోవాలి.”

“ఇంకా ఎదగలేదయ్యా. కాసేపాగు.”

“ఇప్పుడే గట్టున పడెయ్యరాదూ, ఎవరికైనా కూరకి పనికొస్తాడు.”

నవంబరు, డిసెంబరు, జనవరి. చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఈదాను. తేడా పదిహేనయింది, పన్నెండయింది, ఎనిమిది దగ్గర మొండికేసింది. మాస్టారు రోజూ వచ్చి వాచీ నొక్కేవారు. నొక్కి, అంకె చెప్పకుండా జేబులో వేసుకునేవారు. నేనూ అడిగేవాణ్ణి కాదు. ఫిబ్రవరిలో రైలెక్కేనాటికి కూడా ఆ ఎనిమిది సెకన్లు మాతోనే ఉన్నాయి, టిక్కెట్టు లేకుండా.

హైదరాబాదు కొలను నీలంగా ఉంది. అంత శుభ్రమైన నీళ్ళలో దిగాలంటే ముందు స్నానం చేసి రావాలనిపించింది. నిజంగానే చెయ్యమన్నారు కూడా. మెళ్ళో ఈల వేసుకున్న లావుపాటాయన కాగితం చూసి పేర్లు చదివాడు. అందరికన్నా మంచి టైమున్నవాడికి నడిమి లైను. అది నాది. మిగతా కుర్రాళ్ళు పక్కకి జరిగి నాకు దారిచ్చారు. వాళ్ళలో ఒకడు నా భుజాలు చూసి, నీళ్ళలోకి చూసి, ఇవాళ్టికి ఇంతే అన్నట్టు తలాడించాడు.

మాస్టారు ఇస్త్రీ కోటులో, గట్టున, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఆయన నావైపు చూడటం లేదు.

“సార్,” అన్నాను లావుపాటాయనతో. “ఆ టైము నాది కాదండి.”

“మరెవరిది?”

“మా కాలువదండి.”

ఆయన కాగితం కిందికి దించాడు. “వాలుకి ఈదావా?”

“అవునండి. అప్పుడు తెలీదండి, తర్వాత తెలిసింది.”

“మరి కాలువని తీసుకురాలేదే?”

“లాకుల దగ్గర ఆపేశారండి.”

చుట్టూ నవ్వులు లేచాయి. ఆయన కూడా నవ్వి, పెన్సిలుతో నా పేరు కొట్టేసి, చివరి లైనులో రాశాడు. దారిచ్చిన కుర్రాడు ఇచ్చిన దారి వెనక్కి తీసుకున్నాడు. మాస్టారు మొహం తుడుచుకుని, తాను ఇంక ఇక్కడ ఒక్క క్షణం ఉండనని, వెంటనే రైలుకి పోతానని నాతో అన్నారు. రైలు సాయంత్రం ఆరింటికి. అప్పుడు పదిన్నర. అందుకని ఉండిపోయారు.

పోటీ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పోయేటప్పుడు బాగానే పోయాను. చివరి లైను కనక పక్కనే గోడ, లాకులో ఉన్నట్టే ఉంది. అలా ఉండబట్టే గోడ దగ్గరికి రాగానే గొలుసు కోసం చెయ్యెత్తాను. గొలుసు లేదు. గాల్లో రెండుసార్లు వెతికాను. గట్టు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకాయన నేను మునిగిపోతున్నాననుకుని లేచి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడట. ఆయన మూడో గుండీకి వచ్చేసరికి నేను గోడని తన్ని వెనక్కి తిరిగాను. గొలుసుకి పోయినది పోగా మిగిలినదంతా ఈదాను. నాలుగోవాడిగా వచ్చాను.

లావుపాటాయన వచ్చి టైము చదివాడు. ఉత్తరంలో రాసిన టైముకన్నా ఎనిమిది సెకన్లు ఎక్కువ. గొలుసు లేకపోయినా అదే. “రిలేకి నలుగురు కావాలి. నువ్వుండు,” అని, మాస్టారి వైపు తిరిగి, “మీ కుర్రాడు గోడ దగ్గర ఎవరికి టాటా చెప్పాడండీ?” అని అడిగాడు.

“మా లాకు సూపర్నెంటుగారికండి,” అన్నారు మాస్టారు. ఆ నాలుగు నెలల్లో ఆయన వేసిన మొదటి జోకు అది.

మా స్టేషన్లో ప్రెసిడెంటుగారు దండతో సిద్ధంగా ఉన్నారు. “ఎన్నోవాడు మనవాడు?”

“నాలుగోవాడు. జట్టులో తీసుకున్నారు,” అన్నారు మాస్టారు.

“అదేంటండీ. మీరు కళ్ళారా చూశానన్న టైముకి ఫస్టు రావాలిగా?”

నేను నోరు తెరిచాను, నాకున్న అలవాటు కొద్దీ. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

“చూసింది నేనే. కాలువని చూళ్ళేదు,” అన్నారు. “ఎండగా ఉందని నీడన నిలబడ్డాను. పొరపాటు నాది.”

ప్రెసిడెంటుగారు చేతిలో దండ చూసుకున్నారు. కట్టించిన దండ ఎవరికో ఒకరికి వెయ్యాలి. కాస్త ఆలోచించి మాస్టారికే వేశారు.

మర్నాడు పొద్దున కాలువగట్టుకి పోయేసరికి మాస్టారు అప్పటికే వచ్చి ఉన్నారు. నన్ను నేరేడుచెట్టు దగ్గర దిగమని, ఎదురీదుతూ రమ్మని, తాను వాచీ పట్టుకుని పైన కర్ర దగ్గరికి పోయి నిలబడ్డారు. అక్కడ ఒక్క ఆకు నీడ లేదు. గొడుగు తెచ్చుకున్నారనుకోండి.